రాజధానిలో ఒక నిద్ర

నేను బెంగళూరుకు నిద్రపోవడానికి వెళ్ళాను. మా వైపు వాళ్ళకు ఈ మాట చెబితే చాలు. మిగిలినవాళ్ళకు కొంచెం వివరించాలి. ఇంట్లో మనిషి పోతే, కర్మలన్నీ అయ్యాక, ఆ ఇంటివాళ్ళను దగ్గరి బంధువులు తమ ఇంటికి తీసుకుపోయి ఒక రాత్రి పడుకోబెట్టి పంపుతారు. దాన్ని నిద్ర చేయడం అంటారు. నిద్ర చేసి వచ్చిన మనిషి మళ్ళీ నలుగురి ఇళ్ళకు పోవచ్చు, నలుగురితో కలవచ్చు. అంతవరకు పోకూడదు. ఎందుకు పోకూడదో నేను అడగలేదు. మా పంచాయతీ గ్రంథాలయం చూసుకునేది నేనే కాబట్టి వెతికితే ఏదో ఒక పుస్తకంలో కారణం దొరికేదేమో. ఆ రోజుల్లో నాకు పుస్తకం తెరవాలనిపించలేదు.

ఎవరింటికి పోవాలన్నది మా పెద్దత్త తేల్చింది. ఆమె మా ఆయన తల్లికి అక్క. మా అత్త పోయాక ఇలాంటి సంగతులు ఆమెనే అడగాలి.

“నీ పుట్టింట్లో ఇంగెవురూ లేరు. మనకుండేది ఒకే ఆడపిల్ల, బెంగుళూర్లో. ఆడికి పో. ఒక రాత్రి పండుకోని పొద్దున్నే లేసి బస్సెక్కు. నిద్ర కాకుండా మాత్రం తిరిగి రావద్దు” అంది.

“నిద్ర పట్టకపోతే ఎట్లత్తా?”

“పట్టేదానికి అదేమన్నా చేపనా? కండ్లు మూసుకుంటే అదే వస్తాది.”

నా చిక్కు సరిగ్గా అదే. ఆయన పోయిన దగ్గర నుంచి నేను నిద్రపోలేదు. అసలే పోలేదంటే డాక్టర్లు ఒప్పుకోరు. ఎప్పుడో కళ్ళు మూతపడేవి, వెంటనే తెరుచుకునేవి. ఆసుపత్రిలో ఆయన మంచం పక్కన కూర్చుని నేర్చుకున్న నిద్ర అది. ఆయన మూలిగితే నాకు వినపడాలి. ఇప్పుడు మూలిగేవాళ్ళు లేరు. చెవి మాత్రం ఆ పని మానలేదు.

బెంగళూరు నుంచి ఆడబిడ్డ ఫోన్ చేసింది. ఆమె మా ఆయనకు ఒక్కగానొక్క చెల్లెలు, గార్మెంట్సులో పని చేస్తుంది. ఆయన్ను బెంగళూరు ఆసుపత్రికి తిప్పిన నెలల్లో ఆమె ఇల్లు ఆ ఊళ్ళోనే ఉన్నా మేము ఒక్క రాత్రీ అక్కడ ఉండలేదు. ఆసుపత్రి పక్కన అద్దె గదిలో ఉండేవాళ్ళం, లేదా సాయంత్రం బస్సుకు తిరిగి వచ్చేసేవాళ్ళం. రోగంతో పోయి ఆడపిల్ల ఇంట్లో పడకూడదని ఆయన పట్టు. ఆమె క్యారియరులో అన్నం తెచ్చేది. ఆయన తినేవాడు, ఆమె ఖాళీ క్యారియరు పట్టుకుని పోయేది. ఏమీ అనేది కాదు. ఇప్పుడు ఫోన్‌లో అంది.

“మా అన్న నా ఇంట్లో ఒక్క రాత్రి గూడా తల వాల్చలేదు వదినా. నువ్వన్నా వచ్చి పండుకో. నువ్వూ రాకుంటే నాకు పుట్టిల్లు ఇంగ యాడుండాది?”

 మాకు పిల్లలు లేరు. వాళ్ళిద్దరూ ఒక కడుపున పుట్టినవాళ్ళు, నేను పక్క నుంచి వచ్చి చేరినదాన్ని. ఆయన లేకుండా ఆమె నాకేమవుతుంది? వదినా అంటే పలకడానికి నాకింకా వరస ఉన్నట్టా, లేనట్టా? వస్తానని చెప్పి ఫోన్ పెట్టేశాను. నేను అక్కడ నిద్రపోతే ఆమెకు పుట్టిల్లు ఉన్నట్టు, నాకు ఆడబిడ్డ ఉన్నట్టు. నిద్రపోలేకపోతే ఏమైనట్టో పెద్దత్త కూడా చెప్పలేదు.

రాజధానుల విషయంలో నాకు మొదటి నుంచి గందరగోళమే. నేను పుట్టింది సరిహద్దుకు అవతల, అనంతపురం జిల్లాలో. బడిలో మా రాజధాని హైదరాబాదు అని రాసి మార్కులు తెచ్చుకున్నాను. పెళ్ళయి, బస్సులో గంట దూరం వచ్చి కర్ణాటక వైపు, పావగడ దగ్గర వల్లూరులో కాపురం పెట్టగానే రాజధాని బెంగళూరు అయింది. తర్వాత పుట్టింటి వైపు రాజధాని కూడా మారింది. అది ఎక్కడని అక్కడి బంధువులను అడిగితే ఒక్కొక్కరు ఒక్కో ఊరు చెప్పిన కాలం కూడా ఒకటి గడిచింది. వీటిలో దేన్నీ నేను చూడలేదు. బెంగళూరుకు మాత్రం చాలాసార్లు పోయాను. మెజెస్టిక్ బస్టాండులో దిగడం, ఆటో, ఆసుపత్రి, మళ్ళీ ఆటో, మెజెస్టిక్. ఊరంటే నాకు ఆ ఒక్క దారే.

పావగడలో పొద్దున బస్సెక్కి మధుగిరి మీదుగా మెజెస్టిక్‌లో దిగేసరికి ఆడబిడ్డా, ఆమె భర్తా ఆటోతో నిలబడి ఉన్నారు. అతను వరసకు నాకు తమ్ముడు. మా పక్క నాగలమడిక వాడు. పెళ్ళికి ముందు గొర్రెలు కాసేవాడు, ఇప్పుడు ఆటో తోలుతాడు. ఊరు చూడటానికి వచ్చినవాళ్ళను ఎక్కించుకుని తిప్పడం అతనికి అలవాటు.

“అక్కా, ఈ పొద్దు, రేపు మద్యానం దాకా ఆటో నీదే. బాడుగ ఎక్కించను. బెంగుళూరంతా చూపించి బస్సెక్కిస్తా” అన్నాడు.

ఆడబిడ్డకు అది నచ్చలేదు. “సావింటి మనిషిని తిరనాళ్ళ తిప్పినట్ల తిప్పుతారా ఎవురన్నా? ఇంటికి పోనీ.”

“ఇంట్లో ఏం చేస్తారు? ఒకరి మొగం ఒకరు చూసుకోని ఏడుస్తారు. తిరిగితే అలుపొస్తాది. అలుపొస్తే నిద్రొస్తాది. వచ్చింది నిద్రకే గదా?”

  నిద్రకు వచ్చిన మనిషి ఊరు చూడవచ్చా అని పెద్దత్తను అడిగి రాలేదు. ఆడబిడ్డ నా సంచి తన ఒడిలో పెట్టుకుంది. ఆటో కదిలింది.

మొదట విధానసౌధ దగ్గర ఆపాడు. కంచె బయట నిలబడి చూశాం.

“లోపల ఏముంటాదిప్పా?” అని అడిగాను.

“మంత్రులుంటారు.”

“పోయి చూసినావా?”

“నేనెప్పుడూ ఈడనే నిలబడతా. జనం దిగతారు, ఫోటో తీసుకుంటారు, ఎక్కతారు. మనం గూడా తీసుకోవాల. రాండి, నిలబడండి ఇద్దరూ.”

నిలబడ్డాం. అతను ఫోన్ పైకెత్తాడు. “కొంచెం నగక్కా” అని నోరు జారాడు. వెంటనే ఫోన్ దించేశాడు. “వద్దులే. నగొద్దు. మామూలుగా ఉండు.”

“మామూలుగా అంటే ఎట్ల?” అంది ఆడబిడ్డ.

ముగ్గురికీ తెలియలేదు. కొంతసేపు అలాగే నిలబడ్డాం. వెనక కుటుంబం ఒకటి తమ వంతు కోసం చూస్తూ ఉంది. చివరికి అతను ఏదో నొక్కాడు. ఆ ఫోటో ఇప్పటికీ నా ఫోన్‌లో ఉంది. ఇద్దరం రాబోయే బస్సు మీద ఊరి పేరు చదువుతున్నట్టు ఉన్నాం.

తర్వాత మ్యూజియం. అతను దాని ముందు ఎన్నోసార్లు ఆటో ఆపినవాడే, లోపలికి రావడం అదే మొదలు. టికెట్టు ఇచ్చే మనిషి దగ్గర చెప్పులు విప్పాలా అని అడిగాడు. లోపల ఒక గదిలో రాళ్ళు నిలబెట్టి ఉన్నాయి. కత్తి పట్టుకున్న మనిషి, పైన సూర్యుడు, చంద్రుడు. యుద్ధంలోనో, పశువులను కాపాడుకోవడంలోనో చచ్చిపోయినవాళ్ళకు పెట్టిన వీరగల్లులు.

“దీనికా టికెట్టు? మా ఊర్లో దీని మింద గుడ్డలుతికేది” అన్నాడు తమ్ముడు.

“గట్టిగా చెప్పొద్దు. ఆ రాయి గూడా ఎత్తకొస్తారు” అంది ఆడబిడ్డ.

మా చేలోనూ అలాంటి రాయి ఒకటి ఉండేది. గొర్రెల కాపర్లు దాని మీద కత్తి నూరుకునేవాళ్ళు. బొమ్మ సగం అరిగిపోయింది. సోలారు పార్కుకు పొలం ఇచ్చిన తర్వాత చదును చేసేటప్పుడు అది ఎటు పోయిందో తెలియదు. ఆయన ఆ పార్కులోనే సెక్యూరిటీ పనికి చేరాడు. తన పొలం ఉన్న వరసలోనే డ్యూటీ వేయించుకున్నాడు. అప్పుడు పందుల నుంచి శనక్కాయ కాపాడితి, ఇప్పుడు ఎవురినుంచి ఏం కాపాడతాండానో తెలీదు అనేవాడు. రాయి గురించి ఒకసారి సూపర్‌వైజరును అడిగాడట. ఆ మనిషి కొత్తగా వచ్చినవాడు, ఏ రాయి అన్నాడట. ఇవన్నీ మ్యూజియంలో నిలబడి ఆడబిడ్డకు చెప్పాలనుకున్నాను. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక చెప్పలేదు.

బయటికి వచ్చి మళ్ళీ ఆటో ఎక్కాక నాకు దారులు తెలియకుండా పోయాయి. ఊరు కొత్త కాబట్టి అనుకున్నాను. కొంతసేపటికి అర్థమైంది. ఆటో తిరగాల్సిన చోట తిరగడం లేదు. నాకు గుర్తున్న సిగ్నల్ ముందు ఎడమకు పోతుంది, నాకు గుర్తున్న వంతెన కిందికి రాకుండా ఇంకో దారి పట్టుకుంటుంది. తమ్ముడు ఆసుపత్రి దారిని తప్పించుకుంటూ తోలుతున్నాడు. అందుకే పక్కనే ఉన్న చోటికి కూడా ఊరంతా చుట్టి పోతున్నాం. మంచికే చేస్తున్నాడు. కానీ ఆ ఊళ్ళో నాకు తెలిసిన దారి అదొక్కటే. అది కనిపించకపోతే నేను ఎక్కడున్నానో నాకు తెలియదు. ఏది తూర్పో, ఏది పడమరో తెలియకుండా ఆ మధ్యాహ్నమంతా గొప్ప కట్టడాలు చూశాను. ఎర్రది ఒకటి, తెల్లది ఒకటి, స్తంభాలున్నది ఒకటి. పేర్లు చెప్పాడు. ఒకదాని పేరు ఇంకోదానికి అంటుకుంది.

చీకటి పడుతుండగా మెట్రో ఎక్కించాడు. ఎక్కడికీ పోవడానికి కాదు, చూడటానికి. ఒక స్టేషన్ దాకా పోయి, దిగి, అవతలి వైపు రైలెక్కి తిరిగి వచ్చాం. పెద్ద బట్టల అంగడి ముందు నడుస్తుంటే అద్దాల వెనక బొమ్మలకు చీరలు కట్టి ఒక్కోదానికి ఒక్కో లైటు వేసి ఉంది.

“ఇదంతా మీ ఊరి కరెంటే అక్కా” అన్నాడు తమ్ముడు.

“మా అన్న కాపలా కాసింది ఈ బొమ్మలకా?” అంది ఆడబిడ్డ. ఎగతాళిగానే మొదలుపెట్టింది. చివరికి వచ్చేసరికి గొంతు అలా లేదు. తమ్ముడు వెంటనే బేల్‌పూరి తిందాం రాండి అన్నాడు.

వాళ్ళ ఇల్లు పీణ్య వైపు ఒక సందులో, మేడ మీద. ఒక గది, వంటగది. కొడుకు తుమకూరులో హాస్టల్లో ఉండి చదువుకుంటున్నాడు, వాడి మంచం నాకు ఇచ్చారు. ఆడబిడ్డ కొత్త దుప్పటి పరిచింది. దిండు రెండుసార్లు మార్చింది. ఆ రాత్రి గురించి చెప్పడానికి ఏమీ లేదు. కాళ్ళు నొప్పిపుట్టాయి, నిద్ర రాలేదు.

పొద్దున్నే కాఫీ ఇస్తూ అడిగింది. “నిద్ర పట్టిందా వదినా?”

“పట్టింది.”

ఆమె నా వైపు చూడకుండా వంటగదిలోకి పోయింది. అక్కడి నుంచి అంది. “నేనూ పండుకోలేదు లే. నువ్వు పక్కలు మార్చేది వింటానే ఉంటి.”

తమ్ముడు తల పట్టుకున్నాడు. “ఇద్దరూ పండుకోలేదా? నేనేం పాపం చేసినా, గుర్రు పెట్టి పండుకుంటి. ఆ నిద్ర అక్క ఖాతాలో రాసుకోడానికి అయ్యేట్లుంటే బాగుండు.”

“అయితే నువ్వే నిద్రకొచ్చినట్ల” అంది ఆమె. నవ్వలేదు. సెల్ఫులో గిన్నెలు అవసరం లేకుండా సర్దుతోంది. ఆమె వీపు చూస్తే నాకు అర్థమైంది, ఆమె బాధ నేను అబద్ధం చెప్పినందుకు కాదు. తన ఇంట్లో నిద్ర పట్టలేదన్నది ఆమెకు తన ఇంటి మీద తీర్పులా తగిలింది. నీ ఇల్లు కాదు కారణం అని చెప్పాలి. అలా చెబితే మరి ఏది కారణమో చెప్పాలి.

“మద్యానం బస్సుకు ఇంగా టైముండాది. లాల్‌బాగు ఒకటి చూపిస్తా. బాగా నడిపిస్తా. బస్సులోనన్నా పట్టేస్తాది” అన్నాడు తమ్ముడు.

లాల్‌బాగులో నిజంగానే నడిపించాడు. పెద్ద చెట్లు, అద్దాల ఇల్లు, పిల్లలు. చివరికి ఒక బండ ఎక్కించాడు. చాలా పాత బండ అట, దాని వయసు బోర్డు మీద రాసి ఉంది. జనం దాని మీద నిలబడి ఫోటోలు తీసుకుంటున్నారు.

“మనుషులం, గొర్రెలం గాదు, ఇంత తోలొద్దు” అంటూ ఆడబిడ్డ కూలబడింది. “పావగడలో కొండకు కొండే ఉండాది. దాన్ని ఎప్పుడన్నా ఎక్కితిమా? ఈడికొచ్చి ఈ బండ ఎక్కినాం.”

“అది మనది గదా. ఎప్పుడన్నా ఎక్కొచ్చు” అన్నాడు అతను.

నేను వాళ్ళ పక్కన కూర్చున్నాను. కింద ఊరంతా ఉంది. ఎటు చూసినా మేడలే. ఎక్కడ చూడాలో తెలియలేదు. అడిగాను.

“ఆసుపత్రి యా పక్కప్పా?”

 తమ్ముడు ఒక పక్కకు చెయ్యి చూపించాడు. నాకు మేడలు తప్ప ఏమీ కనపడలేదు.

“బస్సుకు పొయ్యేటప్పుడు ఆ దారిన పోనీ.”

“ఆ దారిలో చూసేదేమీ లేదక్కా.”

“ఉండాది” అన్నాను.

అతను ఆడబిడ్డ వైపు చూశాడు. ఆమె నా వైపు చూసింది. తర్వాత లేచి చీర దులుపుకుంది. “అడగతా ఉండాది గదా. పోనీ” అంది.

ఆ దారిలోకి రాగానే నాకు దిక్కులు తెలిశాయి. ఇది తూర్పు. ఇక్కడ ఎండ ఆయన వైపు పడేది, అందుకని నేను ఆ పక్క కూర్చునేదాన్ని. నేను చెప్పడం మొదలుపెట్టాను. ఇదో, ఈ జెరాక్స్ అంగడాయన కాగితాలు తలకిందులు పెట్టి తీసి, మళ్ళీ తీసిచ్చాడు. ఇదో, ఈ హోటల్లో ఇడ్లీ మెత్తగా ఉంటుంది, చట్నీ మాత్రం కారం. ఈ గోడ మీద పల్లెల నుంచి వచ్చినవాళ్ళు బట్టలు ఆరవేసుకుంటారు, వాచ్‌మన్ అరుస్తాడు, మళ్ళీ వేస్తారు. ఈ సిగ్నల్ దగ్గర ఆటో ఆగితే మీ అన్న లెక్కపెట్టేవాడు, ఎప్పుడు పచ్చ పడుతుందోనని, ఒక్కసారి కూడా సరిగా చెప్పలేదు. ఈ బెంచీ మీద కాఫీ తాగుతూ, నాకు బాగైతే ఒకసారి ఈ ఊరు చూద్దాం అన్నాడు, మరుసటి నిమిషమే, ఏముంది చూడ్డానికి, అన్నాడు.

వాళ్ళిద్దరూ వింటున్నారు. నిన్నటి నుంచి వాళ్ళు చూపిస్తే నేను చూశాను. ఇప్పుడు నేను చూపిస్తున్నాను. ఆడబిడ్డ క్యారియరుతో వచ్చి పోయేది కానీ ఇవేవీ ఆమెకు తెలియవు. “ఈ గోడ నేను చూడనే లేదు వదినా” అంది. ఆసుపత్రి గేటు వచ్చింది. దాని ముందు ట్రాఫిక్ ఆగిపోయింది. ఆ గేటు గురించి కూడా ఏదో చెబుతున్నాను. ఏం చెబుతున్నానో గుర్తు లేదు.

మెలకువ వచ్చేసరికి ఆటో ఎక్కడో చెట్టు కింద ఆగి ఉంది. ఇంజను చల్లబడింది. నా తల ఆడబిడ్డ భుజం మీద ఉంది, ఆమె రవిక నా నోటి నీళ్ళతో తడిసింది. ఆమె కదలకుండా కూర్చుని ఉంది. తమ్ముడు బయట నిలబడి, హారన్ కొట్టబోయిన ఇంకో ఆటోవాణ్ణి చేత్తో వద్దంటున్నాడు. మధ్యాహ్నం బస్సు ఎప్పుడో పోయింది.

“అయిపాయ. నిద్ర అయిపాయ. పెద్దత్తకు ఫోన్ చెయ్యి” అన్నాడు.

ఆడబిడ్డ ఫోన్ చేసి స్పీకరు పెట్టింది. జరిగింది చెప్పింది. పెద్దత్త అంతా విని అడిగింది.

“యాడ పండుకునిందంటివి?”

“ఆటోలో పెద్దమ్మా. నా భుజం మింద.”

“ఆటో ఇల్లెట్లయితాదే?”

తమ్ముడు ఫోన్ దగ్గరికి వంగాడు. “ఎందుకు గాదు అత్తా? నాదే గదా. బాడుగది గాదు, సొంతం. పైన కప్పుండాది. మేం తినేదంతా అది తెచ్చిందే.”

“వాకిలి యాడుండాది దానికి?”

అతను ఆటో వైపు చూశాడు. మేమూ చూశాం. రెండు పక్కలా తెరిచే ఉంది.

“వాకిలి లేంది ఇల్లు గాదప్పా. దావలో పోయే గాలి ఇట్ల దూరి అట్ల పోతాది. ఆడపిల్ల ఇంట్లో, లోపల, తలుపేసుకోని పండుకోవాల. ఆ పని కానీండి ముందు” అని పెట్టేసింది.

“బస్సుకైతే రెండు వాకిళ్ళుంటాయి. ఆటోలో పండుకున్నందుకు వచ్చింది తంటా” అన్నాడు తమ్ముడు. ఆడబిడ్డ అతని చేతి మీద కొట్టింది. నేను నవ్వాను. నవ్వానని తెలిసి ఆగిపోయాను. వాళ్ళు చూడనట్టు ఉన్నారు.

కాబట్టి నేను ఇంకో రాత్రి ఉండాల్సి వచ్చింది. ఆ రాత్రీ ముందు రాత్రిలాగే గడిచింది, ఆటోలో నిద్రపోయినందుకు ఇంకొంచెం ఎక్కువ మెలకువతో. పొద్దున ఆడబిడ్డ అడగలేదు. ఆమె సెలవు అయిపోయింది. గార్మెంట్సుకు పోయే గుర్తింపు కార్డు మెడలో వేసుకుంటూ, చెప్పాలా వద్దా అన్నట్టు నిలబడింది.

“సాయంత్రానికి వచ్చేస్తా వదినా. ఆయనా బాడుగలకు పోవాల. నువ్వొకదానివే ఉండాల ఈ పొద్దు. చూపించడానికి గూడా ఏమీ మిగల్లేదు.”

“మీరు పోండి. నాకేం.”

“లోపల గొళ్ళెం పెట్టుకో. పక్కింటామె కన్నడామె, మంచిది. మాట్లాడితే మాత్రం వదలదు.” మెట్లు దిగుతూ మళ్ళీ పైకి వచ్చింది. “ఈ రాత్రి గూడా కాకపోతే పెద్దమ్మకు అయిందని చెప్పేద్దాం వదినా. దేవునికి నేను చెప్పుకుంటా. నిన్ను ఇట్ల కట్టేసి పెట్టడం నాకూ బాగలేదు.”

ఆమె ఓడిపోయినట్టు అంది. నేను తల ఊపాను. గొళ్ళెం పెట్టాను.

ఇద్దరూ పోయాక ఆ గది నాకు మొదటిసారి కనిపించింది. రెండు రోజులూ ఊరు చూశాను కానీ ఈ గది చూడలేదు. కుట్టు మిషను, దాని మీద కవరు. గోడకు గార్మెంట్సు వాళ్ళు ఇచ్చిన గడియారం. సెల్ఫులో కొడుకు పాత పుస్తకాలు, కన్నడవి. దేవుళ్ళ పటాల పక్కన వాళ్ళ అన్న ఫోటో పెట్టడానికి కొట్టిన మేకు ఉంది, ఫోటో ఇంకా ఫ్రేము కట్టించలేదు. నేను గిన్నెలు కడిగాను. కింద ఎవరో చింతపండు అమ్ముకుంటూ పోయారు. పక్కింటి కుక్కరు కూసింది. వాళ్ళు రాత్రికి వండుకోవడానికి తెచ్చిపెట్టిన చిక్కుడుకాయలు ఒక కవరులో కనిపించాయి. చాప పరుచుకుని నారలు తీయడం మొదలుపెట్టాను. ఎవరి ఇంట్లోనో కూర్చుని వాళ్ళు వచ్చేలోపు కూరగాయలు తరిగి పెట్టడం చాలా కాలం తర్వాత ఇదే. మంచానికి పోవాలని కూడా అనుకోలేదు. ఒక చిక్కుడుకాయ చేతిలో ఉండగానే పక్కకు ఒరిగాను.

లేచేసరికి గదిలో వెలుతురు బూడిద రంగులో ఉంది. అది పొద్దునో, సాయంత్రమో తెలియలేదు. ముందు వల్లూరు అనుకున్నాను. తర్వాత మా అమ్మ ఇల్లు అనుకున్నాను. కుట్టు మిషను చూసి ఇదేదో మూడో చోటు అని తెలిసింది, ఎవరిదో గుర్తు రావడానికి సమయం పట్టింది. ఏ రోజో తెలియలేదు. ఊరంతా ఎందుకు ఇంత నిశ్శబ్దంగా ఉందో అర్థం కాలేదు. పక్కింట్లో టీవీ మోగడం లేదు. నేను ఎవరో పిలిచినట్టు లేచి గొళ్ళెం తీశాను.

మెట్ల మీద ఆడబిడ్డ కూర్చుని ఉంది. కార్డు ఇంకా మెడలోనే ఉంది, ఒడిలో సంచి. కింది మెట్టు మీద తమ్ముడు. పక్కింటామె తన గుమ్మంలో స్టూలు వేసుకుని, కాఫీ గ్లాసు పట్టుకుని ఉంది. ముగ్గురూ నా వైపు చూశారు.

“తెల్లారిందా?” అని అడిగాను.

పక్కింటామె నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. “ఇంగా సాయంత్రమే అక్కా” అన్నాడు తమ్ముడు, చాలా మెల్లగా, నేను ఇంకా పడుకునే ఉన్నట్టు.

“ఎంతసేపైంది మీరొచ్చి?”

“ఇప్పుడే” అంది ఆడబిడ్డ.

పక్కింటామె ఒప్పుకోలేదు. ఇప్పుడేమీ కాదని, వచ్చి చాలాసేపైందని, కిటికీలోంచి నన్ను చూసి తన ఇంట్లో టీవీ కట్టేయించిందని, నీళ్ళ కోసం వచ్చిన పిల్లలను కూడా కింది నుంచే తరిమేసిందని కన్నడంలో చెప్పింది.

“తలుపు కొట్టొచ్చు గదా. మీ ఇల్లే” అన్నాను.

“కొడితే లేస్తావు గదా” అంది.

నా చెంప మీద చాప అచ్చు పడి ఉన్నట్టుంది. ఆమె లేచి దగ్గరికి వచ్చి దాన్ని వేళ్ళతో తడిమింది. నిజంగా పడిందో లేదో చూసుకుంటున్నట్టు మళ్ళీ తడిమింది. నా కొంగుకు చిక్కుడు నార అంటుకుని ఉంటే తీసి పారేసింది.

“అత్తకు ఫోన్ చేసి చెప్పేద్దాం” అన్నాడు తమ్ముడు, జేబులోంచి ఫోన్ తీస్తూ.

“పెట్టు లోపల. చెప్తే పొద్దున్నే బస్సెక్కమంటాది” అంది ఆడబిడ్డ.

వాళ్ళు ఇంకా బయటే నిలబడి ఉన్నారు. తలుపు దగ్గర నేను అడ్డంగా ఉన్నానని అప్పుడు తెలిసింది. జరిగి దారి ఇచ్చాను. ఇంటివాళ్ళను ఇంట్లోకి పిలవాలో వద్దో తెలియక, “రాండి, చిక్కుడుకాయలు సగమే అయినాయి” అన్నాను.